అభయం.. శయనం.. సుదినం

ఇంటిల్లిపాదీ గాఢనిద్రలో ఉంటారు. వీధిలో అలికిడి ఉండదు. ఆ వేళ ఉన్నట్టుండి మీకు మెలకువ వస్తుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి అందదు. ఒళ్లంతా చెమటలు పడతాయి. లేచి కూర్చుందామంటే మోకాళ్లు బిగిసిపోయి ఉంటాయి. చేతివేళ్లు కొయ్యబారి ఉంటాయి. 'ఇక అయిపోయింది, తెల్లవారడం చూడను' అనిపిస్తుంది. కాసేపటికి అంతా సర్దుకుంటుంది. ఉదయం యథాప్రకారం స్నానం చేసి, దేవుడి ముందు దీపం వెలిగించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకుంటారు.

ఈ మాటలు చదివి 'ఇది నా సంగతే' అనుకున్నవారి కోసమే ఈ వ్యాసం. వ్రాస్తున్నది వైద్యుడు కాదు. గోదావరి తీరాన ఒక శివాలయంలో నలభై ఏళ్లుగా స్వామికి అభిషేకాలు చేస్తున్న అర్చకుడు. కృష్ణయజుర్వేదాన్ని గురుముఖతః నేర్చుకుని, తన వద్దకు వచ్చిన పిల్లలకు నేర్పినవాడు. కష్టం వచ్చినప్పుడు నలుగురూ వచ్చి ధైర్యం చెప్పమని అడిగే చోట కూర్చున్నవాడు. ఆ మనిషే అర్ధరాత్రి పసిబిడ్డలా వణికిపోయాడు. ఆ సంగతి రెండు నెలల పాటు కట్టుకున్న ఇల్లాలికి కూడా చెప్పలేకపోయాడు. అందుకే ఈ నాలుగు మాటలూ మీతో పంచుకోవాలనిపించింది.

గడియ తీయలేని చేతులు

నాకు యాభై ఎనిమిదో ఏట కీళ్ల బాధ మొదలైంది. ముందుగా రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచాయి. తెల్లవారుజామున లేవగానే పిడికిలి బిగించడం సాధ్యమయ్యేది కాదు. గంటకు పైగా వేళ్లు వంగేవి కావు. గర్భాలయంలో ఎప్పుడూ తడిగా ఉండే రాతినేల మీద నిలబడడం వల్ల, చన్నీళ్లలో చేతులు నానడం వల్ల వచ్చిందనుకున్నాను. నూనెలు మర్దన చేసుకున్నాను. ఎవరో చెబితే తీర్థంలో అమ్మే ఒక పొడి తెచ్చుకున్నాను. వారం రోజుల్లో నొప్పి మాయమైంది. స్వామి కటాక్షమనుకున్నాను. కొన్నాళ్లకు ముఖం ఉబ్బింది. నిద్ర కరువైంది. అయినా పొడి మానలేదు. మానిన రోజున నొప్పి రెట్టింపయ్యేది మరి!

నాలుగేళ్లు ఇలా గడిచాక, ఒక ఆశ్వయుజ మాసపు రాత్రి మొదటిసారి ఆ భయం వచ్చింది. గుండె ఆగిపోతోందనుకున్నాను. ఆరుబయటికి వెళితే గాలి ఆడుతుందని గోడ పట్టుకుని తలుపు దాకా నడిచాను. ఇనుప గడియ బిగువుగా ఉంది. వేళ్లు వంగితే కదా గడియ జరిగేది! ఎంత లాగినా రాలేదు. నా ఇంట్లో, నా తలుపు వెనుక, నేనే బందీనయ్యాననిపించింది. ఆ క్షణంలో నా నోట ఏ మంత్రమూ రాలేదని చెప్పడానికి నేడు సిగ్గుపడడం లేదు. ఆ రాత్రి మాత్రం సిగ్గుతో కుంగిపోయాను.

కీళ్ల నొప్పులున్నవారికి ఈ భయం మరీ బరువుగా ఉండడానికి కారణం ఇదే. ఒళ్లు తేలికగా ఉన్నవాడు చటుక్కున లేచి దీపం వేసుకుంటాడు, నాలుగడుగులు నడుస్తాడు. మనం పక్కకు ఒత్తిగిలడానికే ఆయాసపడతాం. ఒంటిలోని బంధం మనసుకు కూడా బంధంగా తోస్తుంది.

ఆ తరువాత వారానికి ఒకసారి, ఒక్కొక్క వారం రెండు మూడుసార్లు అలాగే జరిగింది. చివరికి భయం వచ్చిన రాత్రుల కన్నా, వస్తుందేమోనని కాచుకున్న రాత్రులే ఎక్కువయ్యాయి. సాయంకాలం ప్రదోషపూజ ముగియగానే గుండెలో గుబులు మొదలయ్యేది. ఏ అపచారం జరిగిందో, ఏ మంత్రంలో స్వరం తప్పిందో అని నన్ను నేనే నిందించుకునేవాణ్ణి. అర్చకత్వం వదిలేద్దామని కూడా అనుకున్నాను.

నాలుక ఆగిన చోటు

అది కార్తిక సోమవారం. ఏకాదశ రుద్రాభిషేకం జరుగుతోంది. నమకాన్ని పదకొండు ఆవృత్తులు పఠిస్తూ, ఒక్కొక్క ఆవృత్తికి చమకంలో ఒక్కొక్క అనువాకం చొప్పున చెప్పడం సంప్రదాయమని మీకు తెలుసు. తైత్తిరీయ సంహిత నాలుగో కాండలో ఐదో ప్రపాఠకం నమకం, ఏడో ప్రపాఠకం చమకం. బాల్యం నుంచి నేటి వరకు ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. ఆనాడు మూడో అనువాకం చివర నా నాలుక ఆగిపోయింది.

మరచిపోయి కాదు, అర్థం తోచి.

నమకం స్తుతి అయితే చమకం యాచన. భక్తుడు పరమేశ్వరుని ఎదుట నిలబడి 'ఇది నాకు కావాలి, ఇదీ నాకు కావాలి' అని పట్టిక చదువుతాడు. మూడో అనువాకం చివరి భాగంలో ఏమడుగుతాడో చూడండి. రోగం లేకపోవడం అడుగుతాడు. దీర్ఘాయువు అడుగుతాడు. అభయం అడుగుతాడు. ఆ వెంటనే సుఖమైన శయనం అడుగుతాడు. ఆపైన మంచి వేకువను, చిట్టచివర మంచి దినాన్ని అడుగుతాడు. ఆరోగ్యం, అభయం, నిద్ర, వేకువ, రోజు! రోగంతో రాత్రి గడపలేక సతమతమయ్యేవాడు ఏ వరుసలో ఏమేమి కోరుకుంటాడో, అదే వరుస.

అంతకుముందే మొదటి అనువాకంలో ప్రాణాపాన వ్యానాలను, చిత్తాన్ని అడుగుతాడు. ఆ అనువాకం ముగిసేచోట అవయవాలు, ఎముకలు, కీళ్లు అని పేరుపేరునా అడుగుతాడు. అవును, కీళ్లను కూడా! యాభై ఏళ్లుగా నా నోట పలుకుతున్న మాట నా కోసమే ఉందన్న సంగతి నా కీళ్లు బిగిసేదాకా నాకు తెలియలేదు.

నేను ఆగిపోవడం చూసి మా తమ్ముడి కొడుకు అందుకుని అనువాకం పూర్తి చేశాడు. బయటికి వచ్చాక 'పెదనాన్నగారూ, ఒంట్లో బాగాలేదా?' అని అడిగాడు. ఏమీ లేదన్నాను. కానీ ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఇంటావిడ ఎదురుగా కూర్చుని, 'ఏమండీ, రెండు నెలలుగా చూస్తున్నాను. రాత్రిళ్లు మీరు గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు. నన్ను లేపరు. నేను ఉన్నది ఎందుకు?' అంది. వేదం నేర్చిన నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. అంతా చెప్పాను.

బృహదారణ్యకోపనిషత్తులో ఒక ఘట్టం ఉంది. సృష్ట్యాదిలో ఏకాకిగా ఉన్న ఆ ఆదిపురుషుడికే భయం వేసిందట. ఏకాకిగా ఉన్నవారికి ఇప్పటికీ భయం కలగడానికి మూలం అదేనని ఉపనిషత్తు వివరిస్తుంది. అయితే ఆయన భయపడి పారిపోలేదు. పరికించి చూశాడు. తనకు అన్యమైనదేదీ అక్కడ లేదని తెలియగానే భయం తొలగింది. ఇందులోని పరతత్త్వాన్ని వ్యాఖ్యానించడానికి ఇది సందర్భం కాదు. లౌకికంగా మనకు రెండు సంగతులు తెలుస్తున్నాయి. భయం ఏకాకితనంలో పుడుతుంది. పరికించి చూస్తే తగ్గుతుంది. మొదటిదానికి మందు ఎవరితోనైనా చెప్పుకోవడం. రెండోదానికి మందు వైద్యుని దగ్గరకు వెళ్లడం.

వైద్యుడు విప్పిన ముడి

మర్నాడే ఆసుపత్రికి వెళ్లాం. వైద్యుడు ముందుగా గుండెను పరీక్షించాడు. ఇ.సి.జి. తీయించాడు. రక్తపోటు, చక్కెర, థైరాయిడ్, రక్తహీనత అన్నీ చూశాడు. రాత్రి గురక పెడతానా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని మా ఇంటావిడను అడిగాడు. అన్నీ చూశాక, 'మీ గుండె బాగానే ఉంది. అలాగని మీ బాధ అబద్ధం కాదు. దీన్ని పానిక్ ఎటాక్ అంటారు' అన్నాడు.

ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. ప్రమాదం ఎదురైతే పారిపోవడానికో పోరాడడానికో శరీరాన్ని సిద్ధం చేసే ఏర్పాటు ప్రతి జీవికీ ఉంది. గుండె వేగం పెరగడం, ఊపిరి తీవ్రం కావడం, చెమట పట్టడం అందులో భాగాలు. ఏ ప్రమాదమూ లేకుండానే ఆ ఏర్పాటు ఒక్కసారిగా మేలుకుంటే అదే పానిక్ ఎటాక్. సాధారణంగా అది పది నిమిషాలలోపు తారస్థాయికి చేరి, అరగంటలోపు తగ్గుముఖం పడుతుంది. కొందరికి నిద్రలోంచి లేపుతూ వస్తుంది. పీడకల వల్లనే రావాలని లేదు. కలలు రాని నిద్రలోనే, తరచు నిద్రపట్టిన తొలి గంటలలో ఇది కలుగుతుంది. వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరిని చూసి మనం మరింత భయపడతాం. భయం మరింత ఊపిరి తీయిస్తుంది.

కీళ్ల సంగతి కూడా అప్పుడే తేలింది. నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన శరీరానికి రక్షణగా ఉండవలసిన శక్తే పొరబడి కీళ్లలోని పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే వ్యాధి. వయసుతో మోకాళ్లు అరిగి వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్ వేరు. అందులో పొద్దుటి బిగువు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది. నా వ్యాధిలో గంట, అంతకు పైగా కూడా ఉండవచ్చు. వాపు పుట్టించే పదార్థాలు ఈ వ్యాధిలో తెల్లవారుజామున ఎక్కువవుతాయట. కనుకనే రాత్రి చివరి జాము మనకు అంత కష్టం. నొప్పి నిద్రను చెడగొడుతుంది. నిద్రలేమి నొప్పిని పెంచుతుంది, మనసును బలహీనపరుస్తుంది. బలహీనపడిన మనసులో భయం పుడుతుంది. భయం కండరాలను బిగిస్తుంది. బిగిసిన కండరాలు మళ్లీ నొప్పి పెడతాయి. ఈ చక్రాన్ని ఒక్కచోట కాదు, రెండు మూడు చోట్ల తెంపాలి.

నేను తిన్న పొడి గురించి విని వైద్యుడు తల పట్టుకున్నాడు. ఊరూ పేరూ లేని నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలిపే వాళ్లున్నారని, అవి నిద్రను చెడగొట్టి ఆందోళనను పెంచగలవని చెప్పాడు. నా భయాలకు అదొక్కటే కారణమని ఆయన అనలేదు. కానీ ఉబ్బిన ముఖం, తగ్గిన నిద్ర ఆ అనుమానాన్ని బలపరిచాయి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లను ఒక్కసారిగా మానడం ప్రమాదమని, తన పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాడు. మీలో ఎవరైనా అలాంటివి వాడుతుంటే దాచకండి, మీకు మీరుగా మానకండి. వైద్యుడికి చూపించండి.

నాకు ఇచ్చిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మాత్ర అది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకని మా ఇంటావిడ పంచాంగంలో ప్రతి ఆదివారం దగ్గర కుంకుమ బొట్టు పెట్టింది. ఇంట్లో పెద్దవారు ఈ మాత్ర వాడుతుంటే మీరూ అలాంటి గుర్తు ఏదైనా పెట్టుకోండి.

ఇది దయ్యమూ కాదు, దోషమూ కాదు

మన ఇళ్లలో ఇలాంటివి జరిగితే గాలి సోకిందంటారు, గ్రహం పట్టిందంటారు. తాయెత్తులు కట్టించేవారు, వేలకు వేలు గుంజేవారు సిద్ధంగా ఉంటారు. అర్చకుడిగా చెబుతున్నాను, రాత్రి గుండెదడకు ముందు వెళ్లవలసింది వైద్యుడి దగ్గరకు. నమకంలోనే రుద్రుణ్ణి దేవతలలో మొదటి వైద్యుడిగా స్తుతించారు. భిషక్కుగా కొలిచే స్వామి భక్తులం వైద్యాన్ని కాదనడం ఎలా ధర్మమవుతుంది?

భయం కలిగిందంటే భక్తి తగ్గిందని కాదు. భగవద్గీత ప్రథమాధ్యాయం గుర్తు చేసుకోండి. కిరాతవేషంలో వచ్చిన సాక్షాత్ పరమశివునితో తలపడిన అర్జునుడు, కురుక్షేత్రంలో తనకు అవయవాలు పట్టుతప్పుతున్నాయనీ, నోరు ఎండిపోతోందనీ, ఒళ్లు వణుకుతోందనీ, గాండీవం చేజారుతోందనీ, నిలబడలేకపోతున్నాననీ, మనసు తిరిగిపోతోందనీ చెప్పుకున్నాడు. అంతటి వీరుడు ఆ మాటలు దాచుకోలేదు, పక్కనే ఉన్న సారథితో చెప్పాడు. చెప్పాడు కనుకనే గీత పుట్టింది. ఆయన దుఃఖం వేరు, మన వ్యాధి వేరు. అయినా శరీరం వణికిందని చెప్పుకోవడం అధైర్యం కాదని అక్కడ నేర్చుకోవచ్చు.

ఆ పది నిమిషాలూ ఏం చేయాలి?

మొట్టమొదట ఒక హెచ్చరిక. ఇలాంటి బాధ తొలిసారి వచ్చినప్పుడు 'పానిక్ ఎటాకే' అని మీకు మీరు తీర్మానించుకోకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో వెన్నుకో పాకే నొప్పి, స్పృహ తప్పడం, ఒకవైపు చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం ఉంటే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. మధుమేహానికి మందు వాడేవారు చక్కెర పడిపోయిందేమో చూసుకోవాలి. కీళ్లవాతం ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు కొంత ఎక్కువ కనుక అశ్రద్ధ అసలే కూడదు.

వైద్యుడు చూసి, ఇది పానిక్ ఎటాక్ అని నిర్ధారించాక, నాకు ఉపకరించిన పద్ధతి ఇది.

మెలకువ రాగానే గడియారం చూస్తాను. 'వచ్చింది, పది నిమిషాల్లో దిగడం మొదలుపెడుతుంది' అని నాకు నేను చెప్పుకుంటాను. పారిపోయే ప్రయత్నం చేయను. దానితో పోట్లాడను. ఏటి వరద ఉద్ధృతంగా వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూస్తామే, అలా చూస్తాను.

తరువాత ఊపిరి. ముక్కుతో మెల్లగా నాలుగు అంకెలు లెక్కించేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించేంతసేపు వదులుతాను. వదలడం పీల్చడం కన్నా దీర్ఘంగా ఉండాలి, అదే కీలకం. కుంభకం పట్టను. ఆ సమయంలో ఊపిరి బిగబట్టడం వల్ల ఆదుర్దా పెరుగుతుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి అది మంచిది కాదు కూడా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉపనయనమైన నాటి నుంచి త్రికాల సంధ్యలలో ప్రాణాయామం చేస్తూనే ఉన్నాను. కానీ త్వరత్వరగా ముక్కు పట్టుకుని వదిలానే తప్ప, ప్రాణాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. వైద్యుడు ఊపిరి లెక్క నేర్పినప్పుడు, ఇది మా తండ్రిగారు ఏడో ఏట నాకు నేర్పిందే కదా అని నవ్వు వచ్చింది. ఇప్పుడు సంధ్యావందనంలో ప్రాణాయామం నెమ్మదిగా చేస్తున్నాను. పగలు అలవాటైన ఊపిరే రాత్రి పిలిస్తే పలుకుతుంది. ఆపదలో కొత్తగా నేర్చుకుందామంటే కుదరదు.

ఊపిరి కుదుటపడుతుండగా ఇష్టదైవ నామాన్ని వదిలే ఊపిరితో కలిపి మెల్లగా పైకి పలుకుతాను. నామం దీర్ఘంగా పలకడమంటే ఊపిరిని దీర్ఘంగా వదలడమే. పెద్ద స్తోత్రాలు ఆ వేళ గుర్తుకు రావు. రాలేదని బాధపడనక్కర్లేదు. రెండక్షరాల నామం చాలు. తరువాత చుట్టూ పరికించి చూస్తాను. దీపపు వెలుగు, గోడ మీది పటం, మంచం పట్టె చల్లదనం, దూరంగా కీచురాళ్ల ధ్వని. కళ్లకు, చెవులకు, చేతికి పని దొరికితే మనసు ఊహల్లోంచి ఇంట్లోకి దిగి వస్తుంది.

పడక మార్చాను, గడియ మార్చాను

పగటిపూట చేసుకోవలసిన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. దీక్ష పేరిట నేల మీద చాప వేసుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు మోకాలి ఎత్తు మంచం మీద పడుకుంటున్నాను. లేవడం తేలికైంది. తలుపుకు ఇనుప గడియ తీసివేయించి, అరచేత్తో నొక్కితే తెరుచుకునే పిడి పెట్టించాను. చేతికి అందేంత దూరంలో మంచినీళ్లు, చేతికర్ర, చిన్న రాత్రి దీపం ఉంటాయి. పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు ఉంచి, వేళ్లను నెమ్మదిగా ముడిచి విప్పుతాను. ఎర్రగా వాచి, ముట్టుకుంటే వేడిగా ఉన్న కీలుకు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా కాపడం పెట్టవద్దు. మధ్యాహ్నం తరువాత కాఫీ మానేశాను. రోజూ కొంతసేపు నడుస్తున్నాను. మానసిక వైద్య నిపుణుడితో కొన్నాళ్లు విడతలవారీగా మాట్లాడాను. భయపు ఆలోచనను పట్టుకుని పరీక్షించే పద్ధతి ఆయన నేర్పారు. అవసరమైనవారికి మందులూ ఇస్తారు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోకండి. ఊళ్లో నిపుణులు లేనివారు ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మరి ఆచారం మాటేమిటని పెద్దలు అడుగుతారు. శాస్త్రం మనం అనుకునేంత కఠినమైనది కాదు. జబ్బుపడినవాడు తెల్లవారుజామున చన్నీళ్లలో మునగాలని అది పట్టుబట్టదు. స్నానాలలో నీటిలో మునిగే వారుణ స్నానం ఒకటైతే, విభూతితో చేసే ఆగ్నేయం, మంత్రజలం చల్లుకునే మాంత్రం, భగవచ్చింతనతో చేసే మానసం కూడా స్నానాలేనని స్మృతులు అంగీకరించాయి. ఉపవాసం ఉన్నవాడు మందు వేసుకుంటే వ్రతభంగం కాదని కూడా ఋషులే చెప్పారు. మోకాళ్లు వంగనివారు కుర్చీలో కూర్చుని పూజ చేయండి. సాష్టాంగం చేయలేనివారు చేతులు జోడించండి. చేతులూ కలవకపోతే మనసు చాలు. కార్తిక స్నానం ఇప్పుడు నేను గోరువెచ్చని నీళ్లతో ఇంట్లోనే చేస్తున్నాను. నా స్వామి అభిషేకప్రియుడే కానీ, నన్ను వణికించి చూడాలని కోరేవాడు కాదు.

ఇంట్లోవారికి ఒక మాట

ఈ బాధ పడేవారికి 'ఏమీ లేదు, ఊరికే భయపడుతున్నావు' అని చెప్పకండి. 'ఇన్ని పూజలు చేస్తావు, ఈ పిరికితనమేమిటి' అని అసలే అనకండి. పక్కన కూర్చోండి. చేయి పట్టుకునేటప్పుడు వాచిన వేళ్లు నొక్కకండి, భుజం మీద చేయి వేయండి. 'నేను ఇక్కడే ఉన్నాను. ఇది వచ్చింది, పోతుంది' అనండి. వారితోపాటు మీరూ నెమ్మదిగా ఊపిరి తీయండి. పది ఉపదేశాల కన్నా ఈ తోడు మిన్న.

అడగడం తప్పు కాదు

'భగవంతుణ్ణి ఆరోగ్యం అడగవచ్చా, అది కామ్యభక్తి కాదా' అని కొందరు సందేహిస్తారు. వారికి నారాయణీయం కర్త మేల్పత్తూరు నారాయణ భట్టతిరిని గుర్తు చేస్తాను. పదహారవ శతాబ్దపు కేరళ పండితుడాయన. గురువు అచ్యుత పిషారటి వాతరోగాన్ని తాను స్వీకరించాడని ఐతిహ్యం. కదలలేని స్థితిలో గురువాయూరు చేరి, స్వామి సన్నిధిలో రోజుకొక దశకం చొప్పున నూరు రోజుల్లో వెయ్యికి పైగా శ్లోకాలు చెప్పాడట. అద్వైత భక్తి తత్త్వాలు నిండిన ఆ కావ్యంలో, దశకాల చివర తన రోగం పోగొట్టమన్న ప్రార్థన మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. అంతటి పండితుడు అడగడానికి మొహమాటపడలేదు. మరో విశేషం గమనించండి. ఒక్క రాత్రిలో రోగం పోవాలని ఆయన మంకుపట్టు పట్టలేదు. రోజుకొక దశకం. మనకూ అంతే. ఒక రాత్రికి ఒక రాత్రి.

చమకంలో భక్తుడు వడ్లు, మినుములు, నువ్వులు, పెసలు కూడా అడిగాడు. తండ్రి దగ్గర బిడ్డకు సిగ్గేమిటి? అడగండి. అడుగుతూనే మాత్ర వేసుకోండి. మాత్ర వేసుకుంటూనే అడగండి. ఈ రెండింటికీ వైరం లేదు.

నాకు పూర్తిగా నయమైందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కీళ్లవాతం మందులతో అదుపులో ఉంది, పోలేదు. బరువైన కలశం ఇప్పుడు మా తమ్ముడి కొడుకు ఎత్తుతాడు, నేను చేయి ఆనిస్తాను. భయం కూడా ఏ రెండు మూడు నెలలకో ఒకసారి వచ్చి పలకరిస్తుంది. కానీ ఇప్పుడు నా తలాపున పూజగంట ఒకటి ఉంది. నా వేళ్లకు పట్టు దొరికేలా దాని పిడికి మా ఇంటావిడ మెత్తని గుడ్డ చుట్టి కుట్టింది. 'దేవుణ్ణి పిలవడానికి గంట కొడతారు కదా, నన్ను పిలవడానికీ కొట్టండి' అంది. మొదటి రాత్రి కొట్టడానికి మొహమాటపడ్డాను. రెండోసారి కొట్టాను. ఆమె లేచి వచ్చింది. మంచం పట్టె మీద కూర్చుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పది నిమిషాలకు దడ తగ్గింది. తెల్లవారుజామున నాలుగింటికి కోవెల తలుపులు తెరిచాను.

ఈ రాత్రి మీ ఇంట ఎవరైనా మేలుకుని, గోడకు ఆనుకుని ఒంటరిగా కూర్చుని ఉంటే, వారు పక్కవారిని పిలిచే ధైర్యాన్ని ఆ పరమేశ్వరుడు ప్రసాదించుగాక. వారి కీళ్లకు సడలింపు, మనసుకు అభయం, కంటికి నిద్ర, ఇంటికి మంచి వేకువ కలుగుగాక.